గ్రాండ్ కేన్యన్ జంతువులు, మొక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అరిజోనాలోని గ్రాండ్ కేన్యన్ నేషనల్ పార్క్‌కి వెళ్లేవాళ్లు లోయ గురించి, రాళ్ల గురించి ముందే చదువుకుంటారు. జంతువుల గురించి మాత్రం అక్కడికి వెళ్లాకే గుర్తొస్తుంది. ప్రతి సీజన్‌లోనూ అవే సందేహాలు తిరిగొస్తున్నాయి గనక ఒకచోట చేర్చాం. మీరు ప్రయాణంలో ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకోండి. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది.

## బయల్దేరే ముందు

అదంతా ఎడారే కదా, చూడటానికి జంతువులేం ఉంటాయి?

ఎడారి అడుగున మాత్రమే. లోయ అడుగున కొలరాడో నది ఒడ్డున, ఫాంటమ్ రాంచ్ అనే బస దగ్గర ఎత్తు దాదాపు 2,500 అడుగులు. లోయ దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్ 7,000, ఉత్తరపు అంచు నార్త్ రిమ్ 8,000 దాటుతుంది. ప్రతి వెయ్యి అడుగులు దిగినప్పుడల్లా సుమారు 5 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి పెరుగుతుంది. వర్షం లెక్క దీనికి తలకిందులు. అడుగున ఏడాదికి 8, 9 అంగుళాలు పడితే సౌత్ రిమ్‌లో 16, నార్త్ రిమ్‌లో 25 దాకా పడుతుంది. అందుకే కింద నాగజెముడు, బల్లులు, తేళ్లు ఉంటే పైన స్ప్రూస్, ఫర్ చెట్ల చలి అడవి ఉంటుంది. పార్కు మొత్తంలో 1,500కు పైగా మొక్క జాతులు ఉన్నాయంటే కారణం ఈ ఎత్తుల తేడానే. ఇక్కడ "ఏ జంతువు కనిపిస్తుంది?" అని అడిగేముందు "ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నాను?" అని చూసుకోవాలి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఏ నెలలో వెళ్తే ఎక్కువ కనిపిస్తాయి?

నెల కంటే వేళ ముఖ్యం. జూన్ మధ్యాహ్నం రెండింటికి రిమ్ మీద నిలబడితే ఉడుతలు, మనుషులు తప్ప ఏమీ కనిపించవు. తెల్లవారిన మొదటి రెండు గంటలు, పొద్దుగూకే ముందు గంట వదులుకోకండి.

నెలలే కావాలంటే, మార్చి నుంచి మే దాకా లోయ లోపల నాగజెముళ్లు పూస్తాయి. జులై నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా మధ్యాహ్నం ఉరుముల వానలు పడతాయి. కప్పలు గొంతు విప్పేది అప్పుడే. సెప్టెంబర్, అక్టోబర్ ఎల్క్ అనే పెద్ద జింకలు జత కట్టే కాలం. చలికాలంలో నార్త్ రిమ్ రోడ్డు మంచుతో మూసేస్తారు, సౌత్ రిమ్ మాత్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది. ఒక్కసారే వెళ్లగలిగితే సెప్టెంబర్ చివర వెళ్లమంటాం.

సౌత్ రిమ్ చాలా, నార్త్ రిమ్ కూడా చూడాలా?

పక్షి ఎగిరితే 10 మైళ్లే, కారులో వెళ్తే 200 మైళ్లు దాటుతుంది, దాదాపు ఐదు గంటలు. కాండర్ అనే పెద్ద రాబందు, ఎల్క్, మ్యూల్ డీర్ జింకలు, బిగ్‌హార్న్ అనే అడవి గొర్రెల కోసమైతే సౌత్ రిమ్ సరిపోతుంది. కైబాబ్ ఉడుత, బైసన్ అనే అమెరికా అడవిదున్న కావాలంటే నార్త్ రిమ్ తప్ప దారి లేదు. 2025 జులైలో పిడుగు పడి అంటుకున్న డ్రాగన్ బ్రావో మంటల్లో నార్త్ రిమ్‌లోని పాత గ్రాండ్ కేన్యన్ లాడ్జ్ కాలిపోయింది. ఆ సీజన్‌కి నార్త్ రిమ్ మూతపడింది. కాబట్టి అక్కడ ఏది తెరిచి ఉందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే బుకింగ్ చేయండి.

ఎలుగుబంట్లు, తోడేళ్లు ఉంటాయా?

నల్ల ఎలుగు చాలా అరుదు. తోడేళ్లు లేవు, వేటాడి తుడిచిపెట్టేశారు. కొండసింహాలు (పూమా అనే పెద్ద అడవి పిల్లులు) ఉన్నాయి గానీ ఏళ్ల తరబడి పనిచేసిన రేంజర్లలోనూ (పార్కు సిబ్బంది) కళ్లారా చూసినవాళ్లు తక్కువ.

ఏం పట్టుకెళ్లాలి?

8 బై 42 బైనాక్యులర్ ఒకటి. 10 రెట్లు చూపేది కొంటే చెయ్యి వణికి పక్షి నిలవదు. రాత్రి కింద క్యాంపు చేస్తుంటే చిన్న అల్ట్రావయొలెట్ టార్చ్, తేళ్లని కనిపెట్టడానికి. తిండికి గట్టిగా మూత పడే డబ్బాలు. ప్లాస్టిక్ కవర్లో కట్టిన పులిహోర ఉడుతలకి, కాకులకి, రాత్రి తిరిగే రింగ్‌టెయిల్ అనే జంతువుకి ఒక్క నిమిషం పని. లోపలికి దిగేవాళ్లు నీళ్లతో పాటు ఉప్పగా ఉండే చిరుతిండి తప్పక పెట్టుకోవాలి. తిండి లేకుండా నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పడిపోయి ప్రమాదం.

## రిమ్ మీద

పైన ఎగిరేది కాండరా, మామూలు రాబందా?

తిరిగే తీరు చూడండి. టర్కీ వల్చర్ అనే రాబందు రెక్కల్ని కొంచెం పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ ఒరుగుతూ, తూలుతూ పోతుంది. కాలిఫోర్నియా కాండర్ రెక్కలు బల్లపరుపుగా ఉంటాయి, గాలిలో వణుకు కనిపించదు. రెక్క కొన నుంచి కొనకి తొమ్మిదిన్నర అడుగులు. ఉత్తర అమెరికా నేల పక్షుల్లో అంతకంటే పెద్దది లేదు.

తర్వాత రెక్కల కింద రంగు చూడాలి. రాబందుకి రెక్క వెనక అంచంతా వెండిలా మెరుస్తుంది. పెద్ద కాండర్‌కి ముందు అంచు వైపు తెల్లటి త్రికోణం ఉంటుంది. తల బట్టతలే, పెద్దదైతే నారింజ, గులాబీ కలిసిన రంగు. పిల్ల కాండర్ తల నల్లగా ఉంటుంది, రంగు తిరగడానికి ఐదారేళ్లు పడుతుంది. రెక్క మీద నంబరు పలక కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

వేసవిలో సౌత్ రిమ్ గ్రామం దగ్గర, లుకౌట్ స్టూడియో కింది కొండచరియల మీద సాయంత్రం పూట వాలుతుంటాయి. పార్కు బయట మార్బుల్ కేన్యన్‌లోని నవాహో బ్రిడ్జి మరో మంచి చోటు. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే కమ్మీల మీద కూర్చుని ఉంటాయి, రెక్క మీద నంబరు చదవొచ్చు.

కాండర్లకి ఆ నంబర్లు ఎందుకు? ఇంకా మనుషులే సాకాలా?

1982లో అడవిలో మిగిలినవి 22. 1987కల్లా ఉన్నవాటన్నిటినీ పట్టుకుని జూల్లో పెంచారు. 1996 డిసెంబర్‌లో గ్రాండ్ కేన్యన్‌కి ఉత్తరాన వర్మిలియన్ క్లిఫ్స్ నుంచి ఆరింటిని వదిలారు. 2003లో అరిజోనాలో అడవిలోనే పుట్టిన పిల్ల మొదటిసారి రెక్కలు విప్పింది. జంట సాధారణంగా రెండేళ్లకి ఒక్క గుడ్డే పెడుతుంది. చావులు కాస్త ఎక్కువైతే చాలు, లెక్క వెనక్కి పోతుంది.

ఆ చావులకి మొదటి కారణం సీసం. వేటగాడు పేల్చిన సీసపు తూటా జంతువు ఒంట్లో ఇసుక రేణువుల్లా చిట్లిపోతుంది. వాళ్లు వదిలేసిన పేగులు తిన్న కాండర్‌కి అదే విషం. పార్కులో వేట నిషేధమే గానీ కాండర్ రోజుకి 100 మైళ్లు తిరగగలదు, దానికి సరిహద్దు తెలియదు. అందుకే ఏటా పట్టుకుని రక్తం పరీక్షించి, సీసం ఎక్కువుంటే మందిచ్చి వదులుతారు. నంబరు లేకపోతే ఈ పని సాగదు. నార్త్ రిమ్ వైపు ఉన్న కైబాబ్ ప్రాంతపు వేటగాళ్లకి రాష్ట్ర వన్యప్రాణి శాఖ 2005 నుంచి సీసం లేని తూటాలు ఉచితంగా ఇస్తోంది. బలవంతం లేకపోయినా ఎక్కువమంది వాడుతున్నారు. 2023లో బర్డ్ ఫ్లూతో అరిజోనా, యూటా మందలో 21 చనిపోయాక టీకాలు కూడా మొదలయ్యాయి.

మన దేశంలో రాబందుల్ని తుడిచిపెట్టింది పశువులకి వాడిన డైక్లోఫెనాక్ మందు. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందుల కథ తెలిసినవాళ్లకి ఈ కాండర్ లెక్కలు కొత్తగా అనిపించవు. రెండు చోట్లా విషం చేరింది కళేబరం ద్వారానే.

లోయలోకి నాణెం విసిరితే తప్పేంటి?

గోదావరి వంతెన మీద రైల్లోంచి నాణెం వేసే అలవాటు మనకుంది. ఇక్కడ మాత్రం వద్దు. కాండర్లు మెరిసేవాటిని ముక్కుతో పట్టి మింగుతాయి, గూట్లో పిల్లలకీ తినిపిస్తాయి. సీసా మూతలు, నాణేలు, గాజు పెంకులు వాటి కడుపులో దొరికాయి. నాణెంలోని జింక్ కూడా వాటికి విషమే.

ఉడుతకి రెండు పల్లీలు వేస్తే ఏమవుతుంది?

ఈ పార్కులో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచే జంతువు రాక్ స్క్విరల్ అనే ఈ బూడిదరంగు బండ ఉడుతే. పాముల కంటే, కొండసింహాల కంటే దీని కాట్లే ఎక్కువ. పిల్లల చేతిలో జంతికల ప్యాకెట్ చూస్తే కాళ్ల మీదకి ఎక్కుతుంది. వేలికీ పల్లీకీ దానికి తేడా తెలియదు. కాటు ఎముక దాకా దిగుతుంది. వాటి ఒంటి మీది రక్తం పీల్చే గోమార్ల (ఫ్లీ) ద్వారా ప్లేగు సోకే అవకాశం కూడా ఉంది.

ఉడుతకీ మేలు జరగదు. మనుషుల తిండికి మరిగింది చలికాలానికి దాచుకోవడం మానేస్తుంది. జనం తగ్గగానే ఆకలితో చస్తుంది. తిండి పెట్టడం నేరం, జరిమానా 5,000 డాలర్ల దాకా వేయొచ్చు. "మేం పెట్టలేదు, పడిపోయింది" అంటే కుదరదు, పడింది ఏరుకోవాలి.

నల్ల ఒళ్లు, తెల్ల తోక ఉడుత ఒకవైపే ఎందుకుంటుంది?

అది కైబాబ్ ఉడుత. ప్రపంచంలో నార్త్ రిమ్ వైపు కైబాబ్ పీఠభూమి మీద తప్ప ఎక్కడా సహజంగా లేదు. సౌత్ రిమ్ మీద దాని దాయాది ఆబర్ట్ ఉడుత ఉంటుంది, బూడిద ఒళ్లు, తెల్ల పొట్ట. రెండిటికీ చెవుల మీద కుచ్చులు. రెండూ పాండరోసా పైన్ చెట్టు లేనిదే బతకలేవు. కాయల్లోని గింజలు, లేత కొమ్మల లోపలి బెరడు, చెట్టు మొదట్లో మట్టి కింద పెరిగే బూజు గడ్డలు, ఇవే తిండి. ఆ గడ్డల బీజాలు ఉడుత పెంటికల ద్వారా కొత్త చెట్ల వేళ్లకి చేరతాయి. ఆ బూజు లేకపోతే పైన్ వేరు నీటిని సరిగా తీసుకోలేదు. ఉడుత చెట్టుని తింటూనే చెట్టుని నాటుతోందన్నమాట.

"లోయ తెగడంతో ఉడుతలు విడిపోయాయి" అని చాలా చోట్ల రాస్తారు. అది సరికాదు. మంచుయుగం నాటికే లోయ ఉంది. వాతావరణం వేడెక్కి పాండరోసా అడవి పైకి జరిగిపోయాక మధ్యలో మిగిలిన ఎండు నేల వాటికి గోడ అయింది.

ఎల్క్ రోడ్డు పక్కనే మేస్తోంది, ఎంత దగ్గరకి వెళ్లొచ్చు?

కనీసం 100 అడుగుల దూరం. జింకలకి, బిగ్‌హార్న్‌కి, కాండర్‌కి కూడా అంతే. ఉడుతలు, పక్షులు, పాముల్లాంటి చిన్నవాటికి 50 అడుగులు. కొలత తెలియకపోతే చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూసి చూడండి. జంతువు మొత్తం వేలి వెనక దాగకపోతే మీరు దగ్గరగా ఉన్నట్టు.

సౌత్ రిమ్ ఎల్క్‌లు పెంపుడు ఆవుల్లా కనిపిస్తాయి, మోసం అక్కడే. మగది 300 కిలోలు దాటుతుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆడవాటి మందకీ తనకీ మధ్య ఎవరు వచ్చినా కొమ్ములు దించుతుంది. మే, జూన్‌లలో దూడ ఉన్న తల్లి ముందు కాళ్లతో తంతుంది. అసలు ఇవి స్థానికం కావు. పాత ఎల్క్ జాతి అంతరించాక 1913 నుంచి యెల్లోస్టోన్ వైపు నుంచి తెచ్చి అరిజోనాలో వదిలినవాటి సంతానం. ఎండు పీఠభూమి మీద నీళ్లు దొరక్క సీసాలు నింపుకునే కుళాయిల మీటని ముట్టెతో నొక్కడం నేర్చుకున్నాయి. పార్కువాళ్లు ఆ కుళాయిల్నే మార్చాల్సి వచ్చింది.

నార్త్ రిమ్ మీద బైసన్ ఎందుకుంది? మంచిదేగా?

1906లో బఫెలో జోన్స్ అనే ఆయన బైసన్‌ని పశువులతో కలిపి కొత్త జాతి చేద్దామని ఇక్కడికి తోలుకొచ్చాడు. వ్యాపారం దెబ్బతింది, మంద మిగిలింది. మంద చాలాకాలం దిగువనున్న హౌస్ రాక్ లోయలో ఉండేది. పార్కు బయట వేట ఒత్తిడి పెరగడంతో వేట లేని పార్కులోకి ఎక్కి తిష్ట వేసింది.

మంచిదా అంటే, ఈ కొండ మీద కాదు. నీటి బుగ్గలు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వందల కొద్దీ బరువైన జంతువులు ఒకే బుగ్గలో దిగితే అది బురదగుంట అవుతుంది. మందని 200 లోపుకి దించాలని లక్ష్యం. 2021లో కాల్చడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు 45,000 మంది పైనే. లాటరీలో ఎంపికైనవాళ్లు 12 మంది, చంపింది 4 బైసన్‌లని. దానికంటే ఆవరణలోకి రప్పించి పట్టుకుని మూలవాసి తెగల మందలకి అప్పగించడం ఎన్నో రెట్లు ఎక్కువ ఫలితం ఇచ్చింది.

అడవికి పార్కువాళ్లే నిప్పు పెడతారట, నిజమేనా?

నిజమే. పాండరోసా పైన్ బెరడు మందం, కింది కొమ్మలు రాలిపోయి ఉంటాయి. నేల మీద పాకే మంట దాన్ని చంపదు. 1880లకి ముందు ఈ అడవిలో కొన్నేళ్లకోసారి అలాంటి మంట వచ్చి సూదులు, చిన్న మొక్కలు కాల్చేసి వెళ్లేది. పశువుల మేత, తర్వాత ప్రతి నిప్పునీ ఆర్పాలనే పద్ధతి దాన్ని ఆపేశాయి. కింద చెత్త పేరుకుంది, చిన్న చెట్లు దట్టంగా లేచాయి. ఇప్పుడు అంటుకుంటే మంట ఆ చిన్న చెట్లు పట్టుకుని తలల దాకా ఎక్కుతుంది. అందుకే గాలి, తేమ చూసి కొంత కొంత తామే కాలుస్తారు. ఈ పద్ధతికి హద్దు ఉందని డ్రాగన్ బ్రావో చూపించింది. మొదట పూర్తిగా ఆర్పకుండా హద్దులో ఉంచుదామనుకున్న మంట ఈదురుగాలికి చెయ్యిదాటి దాదాపు 1,45,000 ఎకరాలు కాల్చేసింది.

దారి పక్కన నల్లగా గరుకుగా ఉన్న మట్టి తొక్కొద్దంటారు, ఎందుకు?

అది బతికున్న మట్టి. వంగి చూస్తే చిన్న చిన్న గోపురాల్లా లేచి, నలుపు, బూడిద, అక్కడక్కడ పాచిపచ్చ రంగులో ఉంటుంది. విరిగిన అంచు దగ్గర చూస్తే ఇసుక రేణువులు కంటికి ఆనని దారాలకి వేలాడుతుంటాయి. ఆ దారాలు సయనోబాక్టీరియా. తడి తగిలినప్పుడు మట్టిలో పాకుతూ జిగురు వదులుతాయి, ఎండాక ఆ జిగురే ఇసుకని పట్టి ఉంచుతుంది. గాలిలోని నత్రజనిని మొక్కలకి అందించేదీ ఇవే. ఒక్క బూటు అడుగు చాలు, పొడి అవుతుంది. పైపొర తిరిగి రావడానికి ఏళ్లు, దాని మీది లైకెన్, నాచు రావడానికి దశాబ్దాలు. ఫోటో కోసం దారి దిగాల్సి వస్తే రాయి మీద గానీ, వాన నీరు పారిన ఇసుక మీద గానీ కాలు పెట్టండి.

## లోయలోకి దిగేటప్పుడు

దిగగానే పెద్ద చెట్లు కనిపించి, తర్వాత మాయమవుతాయేం?

సౌత్ రిమ్ గోడ ఉత్తరానికి తిరిగి ఉంటుంది, ఎండ తక్కువ. అందుకే రిమ్ మీద లేని డగ్లస్ ఫర్ చెట్లు బ్రైట్ ఏంజెల్ దారిలో కాస్త దిగగానే నీడలో కనిపిస్తాయి. అవి దాటాక పొట్టి పిన్యన్ పైన్, జూనిపర్. ఇంకా దిగితే టాంటో మెట్ట, అక్కడ బ్లాక్‌బ్రష్ అనే బూడిదరంగు పొదలే, నీడ ఉండదు. మధ్యలో 3,800 అడుగుల దగ్గర హవసుపాయ్ గార్డెన్స్‌లో ఉన్నట్టుండి కాటన్‌వుడ్ చెట్ల తోపు వస్తుంది. వాన వల్ల కాదు, బుగ్గ నీటి వల్ల. దీన్ని పాత మ్యాపుల్లో ఇండియన్ గార్డెన్ అంటారు, అక్కడ ఉన్న హవసుపాయ్ ప్రజల కోరిక మీద 2022లో పేరు మార్చారు.

రాళ్ల మధ్య స్తంభంలా లేచిన పువ్వు ఏమిటి?

అగావే, మన కిత్తనార జాతి. కత్తుల్లాంటి మట్టలు నేలకి ఆనుకుని గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయి. 15 నుంచి 25 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం అలాగే ఉండి, ఒక వసంతంలో మధ్య నుంచి కాడ లేపుతుంది. రోజుకి కొన్ని అంగుళాలు పెరిగి మనిషి రెట్టింపు ఎత్తు దాటుతుంది. దాచుకున్న పిండి పదార్థమంతా ఆ కాడకే పోతుంది. పూసి, కాసి, చెట్టు చచ్చిపోతుంది. కాడ లేవబోయే ముందు మొదలు తియ్యగా ఉంటుందని మూలవాసులు దాన్ని తవ్వి గుంటల్లో రాళ్ల మధ్య కాల్చి తినేవారు. దారి పక్కన గుండ్రంగా పరుచుకున్న కాలిన రాళ్లు కనిపిస్తే అలాంటి గుంట కావచ్చు, కదిలించకండి. మట్ట కొన సూది ప్యాంటులోంచి దిగుతుంది, జారినప్పుడు ఆసరాకి పట్టుకోవద్దు.

గులాబీ రంగు పాము చూశామంటున్నారు, అబద్ధమా?

అబద్ధం కాదు. గ్రాండ్ కేన్యన్ రాటిల్‌స్నేక్ లోపలి ఎర్ర రాళ్ల రంగుకి కలిసిపోయేలా గులాబీ, ఇటుక రంగుల మధ్య ఉంటుంది. గిలక మోగిస్తుందని ధీమాగా ఉండొద్దు, చాలాసార్లు చప్పుడు చేయకుండా పడుకుంటుంది. చేయి పెట్టే రాయి మీద, కూర్చునే బండ కింద ముందు చూడండి. కనిపిస్తే ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, చుట్టుతిరిగి వెళ్లండి.

కాకి బ్యాగు జిప్పు తీసిందంటే నమ్మాలా?

నమ్మండి. రేవెన్ మన బొంతకాకి కంటే పెద్దది, జిప్పు కొసని ముక్కుతో పట్టి లాగుతుంది. బ్యాగుని విప్పి పెట్టి పది అడుగులు వెళ్లినా చాలు. రెండు జిప్పుల కొసల్ని చిన్న కొక్కెంతో కలిపి తగిలిస్తే ఆగుతుంది.

నిలువు గోడ మీద నిలబడింది మేకా, గొర్రా?

బిగ్‌హార్న్ గొర్రె, ఎడారి రకం. పొట్టేలు కొమ్ములు ఏటేటా పెరుగుతూ చెవి చుట్టూ మెలితిరుగుతాయి. ఆడదాని కొమ్ములు పొట్టిగా, కొంచెం వంగి ఉంటాయి, మేక అనుకునేది దీన్నే. వీటికి పెద్ద ముప్పు పెంపుడు గొర్రెల నుంచి వచ్చే న్యుమోనియా. మీకు ముప్పు మాత్రం పైనుంచి అవి దొర్లించే రాళ్లు. మీ తల మీద గోడకి అవి ఉంటే ఫోటో ఆపి ముందు పక్కకి జరగండి.

## నది దగ్గర, రాత్రి క్యాంపులో

కొలరాడో నీళ్లు పచ్చగా, అంత చల్లగా ఎందుకున్నాయి?

పైన గ్లెన్ కేన్యన్ డ్యామ్ వల్ల. 1963 ముందు ఇది ఎర్రటి బురద నది, చలికాలంలో గడ్డకట్టేంత చలి, వేసవిలో గోరువెచ్చన. డ్యామ్ వచ్చాక ఒండ్రు జలాశయంలోనే దిగిపోతోంది, నీరు లోతు నుంచి వస్తోంది. దశాబ్దాల పాటు ఏడాదంతా 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండేది. ఈ మధ్య జలాశయం మట్టం తగ్గడంతో వేసవిలో కాస్త వేడెక్కుతోంది. వాన పడి పక్క వాగులు దిగితే మళ్లీ ఎర్రబడుతుంది.

కొత్త ఇసుక రాక తిన్నెలు కోసుకుపోతున్నాయి. అందుకని 1996 నుంచి అప్పుడప్పుడు గేట్లెత్తి కృత్రిమ వరద వదులుతున్నారు, అడుగున ఉన్న ఇసుకని లేపి ఒడ్డున వేయడానికి. పురుగుల కోసం కూడా ఒక ఏర్పాటుంది. కరెంటు అవసరాన్ని బట్టి రోజూ నీటిమట్టం లేచి పడటంతో నీటి అంచున పురుగులు పెట్టిన గుడ్లు ఎండిపోయేవి. 2018 నుంచి కొన్ని వేసవుల్లో శని, ఆదివారాలు మట్టం కదలకుండా ఉంచారు, గుడ్లు తడిగా ఉండి పొదగాలని. పురుగు లేకపోతే చేప లేదు, గబ్బిలం లేదు.

హంప్‌బ్యాక్ చబ్ అనే చేప గురించి అంత గొడవ ఎందుకు?

ఈ నదిలో, దాని ఉపనదుల్లో తప్ప బతకని చేప గనక. తల వెనక మూపురం, చిన్న కళ్లు, బురద వరదలో ఈదడానికి తగ్గ ఒళ్లు. ఇక్కడి ఎనిమిది సొంత చేపల్లో మూడు ఇప్పటికే లేవు. చబ్ గుడ్లకి వెచ్చని నీరు కావాలి, డ్యామ్ నీరు చల్లన. అందుకే లిటిల్ కొలరాడో ఉపనది దానికి పురిటిల్లు అయింది. 2009 నుంచి పిల్ల చేపల్ని షినుమో, హవసు వాగుల్లోనూ వదిలారు. 2014లో మంటల తర్వాత వచ్చిన బూడిద వరద షినుమోలో వేసినవాటిని ఊడ్చేసింది, హవసులో మాత్రం పిల్లలు పెట్టాయి. 1967 నుంచి ప్రమాదపు అంచున ఉన్న జాబితాలో ఉన్న ఈ చేపని 2021లో ముప్పు తీవ్రతలో ఒక మెట్టు తగ్గించారు.

సరిగ్గా తర్వాతి ఏడాదే, జలాశయం పడిపోయి నీరు వేడెక్కడంతో, డ్యామ్ కింద స్మాల్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టడం కనిపించింది. పిల్ల చేపల్ని మింగే బయటి చేప అది. 2024లో అడుగు నుంచి చల్లనీళ్లు కలిపి వదిలి దాని గుడ్లని ఆపారు. చల్లనీరు చబ్‌కి శత్రువన్నది పాత పాఠం, ఇప్పుడు అదే నీరు దానికి కాపలా కాస్తోంది.

ఒడ్డున ఈకల్లాంటి ఆకుల పొద అంతా ఎండిపోయిందేం?

టామరిస్క్. ఆసియా, యూరప్‌ల నుంచి తెచ్చింది. డ్యామ్ వచ్చి వరదలు ఆగాక ఒడ్డంతా కమ్మేసింది. దాని ఆకులు తినడానికి వేరేచోట వదిలిన చిన్న పెంకు పురుగు 2009 ప్రాంతంలో ఇక్కడికీ చేరింది. సంతోషించాల్సిందే గానీ, విల్లో చెట్లు తగ్గిన చోట ఫ్లైక్యాచర్ అనే అరుదైన పిట్ట టామరిస్క్‌లోనే గూడు కట్టుకుంటోంది. ఎండిన చోట విల్లో, కాటన్‌వుడ్ నాటకపోతే ఆ పిట్టకి నీడ ఉండదు.

రాత్రి తిండి ఎత్తుకుపోయింది పిల్లా, కోతా?

రింగ్‌టెయిల్. పిల్లి సైజు, తోక మీద తెలుపు నలుపు కట్లు. రకూన్ కుటుంబం, అరిజోనా రాష్ట్ర జంతువు. వెనక పాదాల్ని 180 డిగ్రీలు తిప్పి నిలువు గోడ మీద తలకిందులుగా దిగుతుంది. గుడ్డ సంచిని కొరికేస్తుంది. క్యాంపులో ఇచ్చే ఇనప పెట్టెలో తిండితో పాటు టూత్‌పేస్ట్, సబ్బు కూడా పెట్టి గడియ వేయండి.

తేళ్లకి భయపడాలా?

బార్క్ స్కార్పియన్ అనే లేత పసుపు తేలు ఉత్తర అమెరికాలో అన్నిటికంటే విషపుది. రాతి కింద, చెక్క అడుగున తలకిందులుగా పట్టుకుని ఉంటుంది, వేళ్లు అడుగు వైపు పెట్టి ఎత్తినప్పుడే కుడుతుంది. అల్ట్రావయొలెట్ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. పడుకునే ముందు చుట్టూ ఒకసారి టార్చ్ కొట్టండి, పొద్దున్నే బూట్లు దులపండి. కుడితే పెద్దవాళ్లకి ఒకటి నుంచి మూడు రోజుల దాకా నొప్పి, తిమ్మిరి. చిన్నపిల్లలకి కళ్లు అదుపు తప్పి తిరగడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే వెంటనే సాయం పిలవాలి.

ఎడారిలో కప్పలు ఎలా ఉన్నాయి?

బుగ్గల పుణ్యాన. వాన నీరు పైన సున్నపురాయిలోంచి దిగి, నీరు పోనివ్వని పొర తగిలిన చోట గోడలోంచి కారుతుంది. అక్కడ వేలాడే తోటల్లా మెయిడెన్‌హెయిర్ ఫెర్న్, మంకీఫ్లవర్ పెరుగుతాయి. ఆ తడి పక్కన రాయి రంగులో అతుక్కుని కూర్చునేది కేన్యన్ ట్రీఫ్రాగ్. రెడ్ స్పాటెడ్ టోడ్ అనే చిన్న గోదురుకప్ప వాన గుంటల్లో గుడ్లు పెడుతుంది, నీరు ఇంకేలోపు తోకకప్పలు కప్పలవ్వాలి. సన్‌స్క్రీన్ పూసుకుని ఆ గుంటల్లో దిగొద్దు. పక్క వాగుల్లో సబ్బు వాడకూడదు.

## ఏదైనా తేడా జరిగితే

ఉడుత కరిచింది, ఏం చేయాలి?

సబ్బు, నీళ్లతో బాగా కడిగి రేంజర్‌కి చెప్పి క్లినిక్‌కి వెళ్లండి. వారం లోపు జ్వరం, గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ల కడితే డాక్టర్‌కి "గ్రాండ్ కేన్యన్‌లో ఉడుత కరిచింది" అని ముందే చెప్పండి. అప్పటికి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చి ఉంటే మరీ ముఖ్యం, అక్కడి డాక్టర్‌కి ప్లేగు అనుమానం రావడానికి కారణమే ఉండదు. తొందరగా గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది.

పాము కాటు వేస్తే?

కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు కట్టొద్దు, ఐసు పెట్టొద్దు. ఉంగరం, గాజులు, వాచీ తీసేయండి, వాపు వస్తుంది. కదలకుండా కూర్చోబెట్టి సాయం కోసం ఒకర్ని పంపండి. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు, పెద్ద దారుల్లో కొన్ని విశ్రాంతి చోట్ల అత్యవసర ఫోన్లు ఉంటాయి. దిగేటప్పుడే అవి ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి.

కొండసింహం ఎదురైతే?

పరిగెత్తొద్దు. పిల్లల్ని ఎత్తుకుని, చేతులు పైకెత్తి పెద్దగా కనిపిస్తూ, గట్టిగా మాట్లాడుతూ, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. మీద పడితే రాయి, కర్ర, ఏది దొరికితే దానితో ఎదిరించండి. ఒకప్పుడు ఇక్కడ వాటిని వందల కొద్దీ చంపేశారు. 1906లో కైబాబ్‌ని జింకల కోసం ప్రత్యేక ప్రాంతం చేసి జింకల్ని వేటాడే జంతువుల్ని ఏరేశారు. జింకలు విపరీతంగా పెరిగి, మేత అయిపోయి, 1920ల మధ్య చలికాలాల్లో వేలల్లో ఆకలితో చచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో వచ్చే లక్ష జింకల లెక్క మీద వాదనలున్నాయి, చావుల మీద లేవు.

జింకపిల్ల ఒంటరిగా పడుకుని ఉంది, రేంజర్‌కి అప్పగించాలా?

ముట్టుకోవద్దు. తల్లి మేతకి వెళ్తూ పిల్లని అలాగే కదలకుండా వదిలి వెళ్తుంది. మీరు అక్కడే నిలబడితే తల్లి రాదు. చోటు గుర్తుపెట్టుకుని దూరం జరగండి.

రాలిన ఎల్క్ కొమ్ము, ఎండిన పువ్వు, చిన్న రాయి తెచ్చుకోవచ్చా?

ఏదీ వద్దు, మూడూ నేరమే. కొమ్ములోని కాల్షియం కోసం ఎలుకలు, ఉడుతలు దాన్ని కొరుకుతాయి. మొక్కల విషయంలో ఇంకా జాగ్రత్త. సెంట్రీ మిల్క్ వెచ్ అనే మొక్క ఈ రిమ్ అంచున, సున్నపురాయి పగుళ్లలోని పలుచని మట్టిలోనే పెరుగుతుంది. అంగుళం ఎత్తు, అరచేయంత చాప, ఊదారంగు పువ్వు. 1990 నుంచి అంతరించిపోయే జాతుల జాబితాలో ఉంది. దాన్ని దెబ్బతీసింది ఎవరో కోసుకుపోవడం కాదు, దృశ్యం బాగా కనిపిస్తుందని అంచుకి నడిచిన బూట్లు. అందుకే మారికోపా పాయింట్ దగ్గర కంచె వేశారు. కంచె అవతల ఖాళీ రాయే ఉన్నట్టు అనిపించినా దాటకండి.